అమ్మవారి ఆమోదం కొరకు

హలో… ఆ, నేనే, రుక్మాబాయినే… ఎవరూ…

మన గల్లీ కోమల వదినెవా. గొంతు గుర్తుపట్టలే. ఎందుకంత మెల్లగ మాట్లాడుతున్నవ్… అన్న ఇంట్లనే ఉన్నడా… వరండాల. ఏం చేస్తున్నడు… బండి కాగితాలు చదువుతున్నడా. ఇంకా అవేనా.

లేదు లేదు, పనేం లేదు. చింతపండు పిసుకుతున్న. ఒక చెయ్యి ఖాళీనే. చెప్పు.

…

సోమవారమే వదినె. ఆదివారం బోనాలు, సోమవారం పొద్దుగాల రంగం. ఎప్పటి లెక్కనే. తానం చేసి, పసుపు పూసుకొని, పచ్చి కుండ మీద నిలబడుడు. అడిగినోళ్లకు అమ్మ చెప్తది… ఆ, నా నోటితోటే చెప్తది. పదకొండేండ్లాయె గద, మా అత్త పోయినకాన్నుంచి.

ఎందుకడుగుతున్నవ్…

ఆ సంగతా. ఎరుకే.

ఎట్లెరుకంటే… అన్న పొద్దుగాల ఇటే వచ్చిండు గద. నీకు చెప్పలేదా… కూరగాయలకని చెప్పి వచ్చిండా. చేతుల కూరగాయలేం లేవు వదినె. ఫైలుండె.

ఫైలు. ఆఫీసు ఫైలు. ఎర్ర ట్యాగు కట్టింది.

…

ఏమన్నడంటే… "రుక్మా, ముప్పై నాలుగేండ్లు కంచన్‌బాగ్ ఫ్యాక్టరీల స్టోర్సు చూసిన. మూడు సంతకాలు లేంది గుండుపిన్ను గూడ కొనలే. అసుంటిది గింత పెద్ద ఇంజన్ బండి ఒక్కన్నే ఎట్ల కొంట" అన్నడు. అందుకని మూడు సంతకాలు పెట్టుకున్నడు. ఒకటి గుడి కమిటీ భిక్షపతిది. ఒకటి గల్లీల ఇల్లున్న బీరయ్యది, బండి పోయే దారి కోసం. మూడోది అమ్మవారిది.

నవ్వుతున్నవా… ఏడుస్తున్నవా మరి… రెండూ కాదా.

నేను నవ్వలే. ఎట్ల నవ్వుత, ఎదురుంగ కూసొని అద్దాలు తుడుచుకుంటున్నడు.

ఆగు, చదువుత. చెయ్యి కడుక్కోని…

…

ఆ. బియ్యం డబ్బా మీద పెట్టిన. ఇను. "విషయం: ఏడు వందల సీసీ ఇంజన్ గల ఏటీవీ అను నాలుగు చక్రాల సర్వోపయోగ వాహనము కొనుగోలు. అమ్మవారి ఆమోదం కొరకు సమర్పించడమైనది." కింద మూడు డబ్బాలు గీసిండు. ఒకదాంట్ల ఆమోదించడమైనది. ఇంకోదాంట్ల తిరస్కరించడమైనది. మూడోదాంట్ల, మరిన్ని వివరాలతో మళ్లీ సమర్పించవలెను.

అవును, అమ్మవారికే. కుండ మీద నిలబడ్డంక పెన్ను పట్టుకునుడు కాదు అన్నా అంటే, పసుపు వేలు ఒత్తితే సాలన్నడు. ఏ డబ్బాల ఒత్తితే ఆ డబ్బా.

…

బొమ్మ గూడ పెట్టిండు. రంగు బొమ్మ. నువ్వు చూసినవా… ట్రాక్టర్ టైర్లు, మోటార్‌సైకిల్ హ్యాండిల్. ఎవరో తెల్లోడు దాని మీద కూసొని మంచుల పోతున్నడు. ముంగట కడ్డీల మీద సచ్చిన దుప్పిని కట్టుకున్నడు… నేనూ అదే అడిగిన. మనమేం కట్టాలె అన్నా, కొత్మీర కట్టనా అని. "కొత్మీర, గ్యాసు బండ, బియ్యం బస్తా, ఏమన్న కట్టొచ్చు రుక్మా, ఆరు క్వింటాళ్లు గుంజుతది" అన్నడు. మీ ఇంట్ల నెలకు ఎన్ని క్వింటాళ్లు తింటరు వదినె ఇద్దరు మనుషులు.

…

గుట్ట మీది జాగ గురించి గూడ చెప్పిండు. శ్రీశైలం రోడ్డు దిక్కు, ఫ్యాక్టరోళ్లు కలిసి కొన్నరు గద… ఆ, అదే ఎకరం. చాంద్రాయణగుట్ట కాడ బస్సెక్కి, దిగి, ఇంకా నాలుగు కిలోమీటర్లు నడవాలెనట గద. పోయిన ఏడు పోయి రాళ్లల్ల పడ్డడని నువ్వే చెప్పినవ్. ఈ బండైతే రాళ్ల మీదికెళ్లి ఎక్కుతదట. సీతాఫలాలు పెడ్తడట.

ఎంత ఎక్కినా అది రాయే గద అంటవా. నిజమే.

నిన్నటి మంచం సంగతా… అంటే నువ్వు బయటికి రానే రాలేదా. సిగ్గయిందా. నేను మొదటి నుంచి చూసిన.

బండి గల్లీల పడుతదా లేదా చూడాలె గద. దాని వెడల్పు నాలుగు ఫీట్లట. మీ నవారు మంచం గూడ నాలుగు ఫీట్లట. కాబట్టి మంచమే బండి అనుకోవాలన్నడు. ముంగట ఇద్దరు, ఎనక ఇద్దరు ఎత్తిన్రు. నడుమ అన్న… ఊకె కూసుంటడా. నీ చపాతీ కర్ర అడ్డంగ పట్టుకున్నడు, హ్యాండిల్ లెక్క.

అందుకేనా రాత్రి కర్ర దొరకలే. దోసెలు పోసినవా… మంచిగైంది.

మలుపు మంచిగనే తిరిగిండు. హారన్ గూడ నోటితోటి కొట్టిండు. బీరయ్య ఇంటి ముంగటి గద్దె కాడికి వచ్చేసరికి, ఒక దిక్కు గద్దె, ఒక దిక్కు కరెంటు స్తంభం, నడిమిట్ల మంచం ఇరికింది. ముంగటికి రాదు, ఎనకకు పోదు. ఎత్తినోళ్లు అక్కడనే కింద పెట్టి చాయ్‌కి పోయిన్రు. అన్న దిగలే… ఎందుకు దిగలేదంటే, నడిరోడ్డు మీద బండి ఇడ్సిపెట్టి దిగొద్దట. రూలట. గప్పుడే ఎనక లక్ష్మీకాంతమ్మ బర్రె వచ్చి నిలబడ్డది. అర్ధగంట వదినె. ఆయన, బర్రె, ఒకరి మొఖం ఒకరు చూసుకుంట.

బీరయ్యనా… బీరయ్య పాపం ఏమంటడు. గద్దె వాళ్ల నాయిన కట్టించింది. "సార్ కింద కూసోలేకపోతున్నడు, మీద కూసోనియ్యి" అనుకుంట రెండు ఇంచులు చెక్కుకోవచ్చని సంతకం పెట్టిండు. ఫైల్ల ఉన్నది. గద్దె పటం గూడ గీసిండు అన్న, ఎర్ర స్కెచ్‌తోటి.

భిక్షపతికి వేరే ఆశ. బోనాల ఊరేగింపుల ఫలారం బండికి ఎడ్లు దొరుకుతలేవు గద ఈ నడుమ. అన్న బండి కొంటే వచ్చే ఏడు దానితోటి గుంజిద్దామని. "వామన్‌రావు గారు డ్రెస్సేసుకొని నడపాలె" అని అన్న పేరుతోటి రాసి సంతకం పెట్టిండు. డ్రెస్సేందో నాకు తెల్వదు.

…

ఇగ మిగిలింది అమ్మవారే. అవును.

…

ఏంది.

వదినె, నువ్వేమంటున్నవో నీకు సోయి ఉన్నదా.

వద్దని చెప్పాల్నా. కుండ మీద నిలబడి. నేను.

…

చీరెందుకు నాకు. వద్దు. పట్టుదైనా వద్దు… అన్న ఏమిచ్చిండా… ఆయనేం ఇయ్యలే. చాయ్ పెట్టిన, అది గూడ తాగలే. ఫైలు పెండింగుల ఉండంగ ఎదుటోళ్ల చాయ్ తాగొద్దట. నీకన్న ఆయనే నయమున్నడు.

తిడ్తలేను. బాధల ఉన్నవని తెలుసు.

ఇను వదినె. కుండెక్కినంక నోరు నాది కాదు. ఏం చెప్పిన్నో నాకే యాదుండది. దిగినంక మందిని అడిగి తెలుసుకుంట. పోయినేడు నీళ్లకు ఫికర్ లేదన్ననట, వారం తిరగకముందే గల్లీల పైపు పగిలి అందరిండ్లల్లకు నీళ్లొచ్చినయ్. నన్ను తిట్టిన్రు. నేనేం చేసిన మధ్యల.

…

ఏమడిగినవ్… మళ్ల అడుగు.

…

ఎన్నడన్న తెలిసి చెప్పిన్ననా అని.

…

ఉన్న ఉన్న. ఫోన్ కట్ కాలే.

ఒక్కపారి చెప్పిన.

నీకెందుకు చెప్తున్ననో తెల్వదు. ఎవ్వరికి చెప్పలే. మా ఇంటాయన పావురాలు యాదున్నయా… ఆ, మిద్దె మీద. నలభై. పొద్దుగాల లేస్తే ఆడనే, పొద్దుమూకితే ఆడనే. నాతోటి మాట లేదు, వాటితోటి ఒకటే మాటలు. ఒక్కోదానికి ఒక్కో పేరు. నాకు మండేది. ఒక ఏడు కుండెక్కినంక, అమ్మ ఇంకా రాకముందే, నాకు సోయి ఉండంగనే, ఆయన దిక్కు చూసి అన్న. "నీ ఇంట్ల రెక్కలు ఉండొద్దు" అని.

నేనే. అమ్మ కాదు, నేనే.

ఆయన ఆ రోజే గూళ్లన్ని తెరిసిండు. ఇడ్సిపెట్టిండు. పొద్దుమూకేసరికి నలభై తిరిగొచ్చినయ్. పావురాలు గద. తెల్లారి మళ్ల ఇడ్సిండు. మళ్ల వచ్చినయ్. వారం రోజులు, వదినె. మిద్దె మీద నిలబడి దండం పెట్టేటోడు వాటికి. "అమ్మ వద్దన్నది, పోండ్రి" అనుకుంట. కింద నేను రొట్టెలు చేస్తున్న, వినబడుతున్నది.

ఆఖరికి బేగంబజార్ల ఎవరికో ఇచ్చొచ్చిండు, రెక్కలు కట్టి. అటెనక నాతోటి మంచిగ మాట్లాడిండనుకుంటున్నవా… లేదు. ఎవ్వరితోటి మాట్లాడలే. పోయేదాంక అది అమ్మ మాటే అనుకున్నడు. నేను చెప్పలే.

…

ఊకో. నువ్వెందుకేడుస్తవ్.

గందుకే అంటున్న. ఆ ఏడు నుంచి అమ్మ వచ్చేదాంక కుండ మీద నోరు తెరుస్తలేను. ఈ బండి గూడ గాయన పావురాలసుంటిదే. పొద్దుగాల ఏమన్నడో తెలుసా. "ముప్పై నాలుగేండ్లు అందరికి మిషిన్లు రాసిచ్చిన రుక్మా, ఒక్కటి గూడ నేను స్టార్ట్ చెయ్యలే" అన్నడు. గట్లన్నోని దగ్గర అమ్మ పేరు పెట్టి గుంజుకుంటే, రేపు మంచం మీద కూసొని బర్రె దిక్కు చూసినట్టు జీవితమంత చూస్తడు. నువ్వే చూడలేవు.

…

కొనమని ఎప్పుడన్న. నేను రెండూ అంటలేను.

సరే, నువ్వొకటి చెప్పు. బండి వద్దు. మరి ఏం కావాలె… ఏం వద్దా. ఏం వద్దంటే చింతపండు పిసికేదాన్ని పట్టుకొని ఇంతసేపు మాట్లాడుతవా. చెప్పు.

…

బాత్రూమా.

ఇంట్లనా. పెరట్లది కాకుండ, లోపలికెళ్లి పోయేటట్టు… వాన పడితే తడవకుండ. ఊ. ఊ. గచ్చు నున్నగ లేకుండ, కాలు జారకుండ. ఊ. చెప్పు, వింటున్న. కిటికీ మీదికి ఉండాలె. ఊ… సబ్బు పెట్టుకోను గూడు.

గూడెన్ని ఇంచులో గూడ అనుకున్నవా. వదినె, నువ్వు గూడ స్టోర్సుల పనిచెయ్యాల్సినదానివే.

ఎప్పటి సంది అనుకుంటున్నవ్… పెండ్లైన ఏడాది నుంచా.

మరి అన్న ఏమన్నడు… ఏమనలేదా. ఎందుకనలే…

నువ్వు చెప్పలేదా.

ఒక్కపారి గూడనా. ముప్పై రెండేండ్లల్ల.

…

అడిగితే చెప్పేదానివి. ఊ. ఆయన అడగలే. ఊ.

ఆగు. ఆగు వదినె. ఈ ఫైల్ల ఏదో చూసిన పొద్దుగాల. అద్దాలు… ఆ. పేజీ నాలుగు బీరయ్య గద్దె. పేజీ ఐదు. ఇను. "ఇంటివారి అభిప్రాయము: ఇంటివారికి అభ్యంతరం లేదు."

నువ్వే గద ఇంటివారంటే. ఇంకెవరున్నరు.

నువ్వు చెప్పినవా అభ్యంతరం లేదని… లేదా. కింద చిన్నక్షరాలల్ల ఇంకోటి రాసిండు. "తెలియజేసిన మూడు రోజులలో జవాబు రానందున అభ్యంతరం లేనట్లుగా భావించడమైనది."

…

వదినె. వదినె, ఉన్నవా.

…

అరవకు. వరండాల వినబడతది… వినబడనీ అంటవా. సరే, వినబడనీ.

కాదు, కాదు, ఫైలు చింపుడు వద్దు. నా దగ్గరుంది, నువ్వెట్ల చింపుతవ్. నా మాట ఇను. ఫోన్ ఆయనకియ్యి… అమ్మవారి పేరెత్తను, ఫికర్ చెయ్యకు. ఇయ్యి.

…

అన్నా, నమస్తే. రుక్మను.

లేదన్నా, ఇంకా ఏం కాలే. సోమవారానికి ఇంకా నాలుగు రోజులున్నయ్ గద. ఫైల్ల ఒక తప్పు కనబడ్డది, అందుకని.

తప్పేనన్నా. పేజీ ఐదు… ఆ, ఇంటివారిది. దాని కింద సంతకం లేదు… మూడు రోజులదా, చదివిన. కాని కాగితం ఇంటివారికి అందలే… అందించినవా. ఎక్కడ పెట్టినవ్… ఫ్రిజ్ మీద. ప్లాస్టిక్ పూల కింద.

అన్నా, ఆ ఫ్రిజ్ మీద నీ ఫ్యాక్టరీ కాగితాలు నువ్వు రిటైరైన ఆరు నెలల నుంచున్నయ్. ఆమె దులిపి మళ్ల అక్కడనే పెడ్తది. చదువుమని నువ్వు చెప్పినవా… చెప్పలే.

మీ పద్ధతిల చెప్పు. ఒక పేజీ తప్పుంటే ఫైలు మీదికి పోతదా… పోదు. నువ్వే అంటున్నవ్. అయితే పేజీ ఐదు కానియ్యి ముందుగాల.

రాసియ్యదన్నా. నోటితోటి చెప్తది.

కాదు, ఇది అమ్మవారి మాట కాదు. ఉత్త రుక్మ మాట. పాటిస్తే పాటించు, లేకుంటే లేదు… పాటిస్తవా. అయితే ఆమె పక్కన కూసో. నడిమిట్ల ఏమనకు. కొలతలు అడగకు. అద్దాలు తియ్యి… ఎందుకంటే అద్దాలుంటే నువ్వు చదువుతున్నట్టుంటవ్ అన్నా, వింటున్నట్టుండవ్.

వదినెకియ్యి ఫోన్.

…

వదినె, చెప్పు ఇగ. తక్కువ చెయ్యకుండ చెప్పు. గూడు గూడ చెప్పు.

పెట్టేయనా… ఉండాల్నా. సరే, లైన్లనే ఉంట. చెవికి దూరం పెడ్త, నాకేం వినబడది. ఫోన్ పక్కన పెట్టి చెప్పు.

…

…

…

ఆ, హలో. ఉన్న, ఉన్న. చెయ్యి తిమ్మిరి పట్టింది, గంతే. చెప్పినవా… మొత్తమా. ఏమన్నడు.



లేచి పోయిండా. ఎటు… పెరట్లకా. బాత్రూంలకే పోయిండా. తలుపేసుకున్నడా. కోపమొచ్చిందేమో… తెల్వదా.

పిలుస్తున్నడా. ఏమని… గడియ ఏదీ అంటున్నడా. లోపలి గడియ.

ఆయనెన్నడూ చూడనే లేదా… అవు, మొగోడు నల్లా కాడ తువాల కట్టుకొని పోసుకుంటడు. ఆయనకేం తెలుస్తది.

ఎప్పుడూడింది… మీ అత్త ఉన్నప్పుడా. అంటే ఇరవై ఏండ్లు. మరి ఇన్ని దినాలు ఎట్ల…

కాలు అడ్డం పెట్టా. ఒక కాలు తలుపుకు ఆనించి, ఒక కాలు మీద నిలబడా. తలంటు పోసుకునేటప్పుడు గూడనా.

…

చెప్పినవా ఆయనకు, గట్లే అని… ఇప్పుడే చెప్పినవా. తలుపు బయటికెళ్లి.

ఏం చేస్తున్నడు లోపల… కనబడుతలేదా.

తలుపు రేకు కింద సందుంటది గద. వంగి చూడు జర.

…

ఒక్క పాదమే కనబడుతున్నదా.

ఉండనియ్యి వదినె. పిలువకు. జరసేపు గట్లనే నిలబడనియ్యి.

పెట్టేస్తున్న.